గురువుగారు దిద్దితే చిరాకొస్తోంది, వినయం ఎలా అలవడుతుంది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. మీరు కొండాపూర్‌లో ఉంటారు. రెండేళ్ళుగా కారులో, ఫోన్లో విని నమకం (శివుణ్ణి స్తుతించే వేదమంత్రమైన రుద్రంలో మొదటి భాగం) దాదాపు మొత్తం నోటికి తెచ్చుకున్నారు. మూడు నెలలుగా ఆదివారం పొద్దున్నే నల్లకుంట వెళ్ళి ఒక పెద్దాయన దగ్గర రుద్రం సంత చెప్పుకుంటున్నారు (అంటే గురువు చెప్పింది వెంటనే తిరిగి చెబుతూ నేర్చుకుంటున్నారు), తర్వాత అక్కడే గీత పాఠం వింటున్నారు. ఆయన మిమ్మల్ని మొదటి అనువాకం, అంటే మొదటి విభాగం, దాటనివ్వడం లేదు. గీత పాఠంలో ప్రశ్న వేస్తే "తర్వాత చూద్దాం" అంటున్నారు. పైకి చేతులు కట్టుకుని కూర్చున్నా లోపల ఉడికిపోతున్నారు. "ఇది వినయమా, నటనా? ఆయన ఏమన్నా తలూపడమేనా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. చిరాకు రాకుండా ఆపడం మీ చేతిలో లేదు, కాబట్టి దాన్ని వినయానికి కొలతగా పెట్టుకోకండి. ఆపిన చోట ఆగి, ఆయన దిద్దిన అక్షరాన్ని దిద్దినట్టే వెంటనే తిరిగి పలకడం మీ చేతిలో ఉంది. చదువు దగ్గర వినయంలో ముప్పాతిక వంతు అదే. మిగిలిన పావు వంతు ఏమిటంటే, వచ్చినదీ రానిదీ ఉన్నదున్నట్టు చెప్పడం, ప్రశ్నని తగిన సమయంలో తగిన మాటల్లో అడగడం. తలూపడం ఇందులో ఎక్కడా లేదు. అర్థం కానిదానికి తలూపితే అది అబద్ధం కిందే లెక్క.

మొదటి అనువాకం దగ్గరే ఎందుకు ఆగిపోయింది

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి మొదట్లోనే ఉచ్చారణలో చూసుకోవాల్సిన ఆరింటిని లెక్కపెట్టింది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. అంటే అక్షరం, దాని ఎత్తుపల్లాలు, హ్రస్వదీర్ఘాల కొలత, పలికే బలం, సమంగా సాగే తీరు, ఒక మాట ఇంకో మాటతో కలిసే తీరు. ఫోన్లో విని నేర్చుకున్నవాళ్ళకి చివరి రెండూ తొందరగా పట్టుబడతాయి, వినసొంపుగా ఉండేవి అవే కనుక. మొదటి మూడూ జారిపోతాయి. చెప్పేవాడికి "వచ్చేసింది" అనిపిస్తుంది. గురువుగారికి మొదటి వాక్యంలోనే నాలుగు తప్పులు వినిపిస్తాయి.

ఆ వాక్యమే చూడండి: "నమస్తే రుద్ర మన్యవ ఉతోత ఇషవే నమః". 'మన్యవ'లో 'మ' కిందికి దిగాలి, 'న్య' మామూలు స్థాయిలో ఉండాలి, 'వ' పైకి లేవాలి. ఆ వెంటనే 'ఉ' మళ్ళీ కిందికి. పైనున్న 'వ' నుంచి కిందున్న 'ఉ' మీదికి మధ్యలో ఊపిరి తీయకుండా దిగాలి. ఇది కష్టమై చాలామంది 'వ'ని సాగదీసి 'మన్యవా' చేసి, అక్కడ ఒక క్షణం సేద తీరి అప్పుడు 'ఉ' అందుకుంటారు. 'ఇషవే'లో 'ఇ' హ్రస్వం, దాన్ని 'ఈషవే' అంటారు. దానిలో 'ష' లేవాలి, 'వే' దిగాలి; రెండింటినీ ఒకే ఎత్తున లాగించేస్తారు. 'నమః' చివర విసర్గ తేలిగ్గా తగిలి ఆగిపోవాలి, అది 'నమహా' అయి కూర్చుంటుంది. తర్వాతి వాక్యంలో 'ధన్వనే', 'బాహుభ్యాం' వస్తాయి. రోజూ మాట్లాడేటప్పుడు ఒత్తులు మింగేసే మన నోటికి 'దన్వనే', 'బాహుబ్యాం' అనే వస్తాయి. ఇంకాస్త ముందుకెళ్తే 'మా హిగ్ంసీః' ఉంది. కృష్ణయజుర్వేద పాఠంలో శ, ష, స, హ, ర ముందు సున్నా 'గ్ం'గా పలుకుతుంది. ఫోన్లో విని దాన్ని 'హిగుంసీ' చేసేవాళ్ళు కొందరు, మామూలు సంస్కృతంలా 'హింసీః' అని చదివేసేవాళ్ళు కొందరు.

నమకంలో అనువాకాలు పదకొండు. ఈ తప్పులే పదకొండింటిలోనూ తిరిగి తిరిగి వస్తాయి. మొదటిదాంట్లో కుదిరితే మిగతావి చాలావరకు వాటంతటవే దారిలో పడతాయి. ఆయన లెక్క అది. అసలేమీ రాకుండా వచ్చినవాడి కంటే మీకు ఎక్కువ కాలం పట్టడం కూడా మామూలే. ఖాళీ పలక మీద రాయడం వేరు, చెరిపి రాయడం వేరు.

సంతలో అహం ఎక్కడ కనిపిస్తుంది

సంత పద్ధతి మీకు తెలిసిందే: గురువు ఒకసారి చెబుతారు, శిష్యులు రెండుసార్లు చెబుతారు. ముందే వచ్చినవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. గురువుగారి గొంతు ఇంకా 'నమః' మీద ఉండగానే వీళ్ళ గొంతు మొదలవుతుంది. తెలిసిన వాక్యమే కదా అని చెవి మూసుకుపోయి నోరు తెరుచుకుంటుంది. విరుగుడు చిన్నదే. ఆయన చివరి అక్షరం పూర్తయ్యాక ఒక ఊపిరి తీసుకుని అప్పుడు అందుకోండి. ఆ ఒక్క ఊపిరిలోనే ఆయన ఏ అక్షరాన్ని ఎంత ఎత్తున వదిలారో చెవిలో నిలుస్తుంది.

ఆపినప్పుడు మూడు రకాలుగా పాడుచేసుకుంటాం. "నేను విన్నదాంట్లో అలాగే ఉందండీ" అని సంజాయిషీ ఇస్తాం. లేదా "క్షమించండి గురువుగారూ, ఎన్నిసార్లు చెప్పినా రావట్లేదు" అని వాపోతాం. లేదా "సరే సరే" అనేసి ముందుకు పోతాం. రెండోది చూడ్డానికి వినయంలా ఉంటుంది కానీ దానివల్ల ఆ ముసలాయన మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు. ఇరవైమంది ఉన్న గంట క్లాసులో ఒక్కొక్కరికి వచ్చేది మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం మాటలకే పోతుంది. మాట్లాడకండి. తప్పిన మాటని మాత్రం రెండుసార్లు పలికి, వాక్యం మొదటి నుంచి అందుకోండి. అంతే.

ఇలా ఎందుకంటే, సంజాయిషీలు ఇచ్చే విద్యార్థికి రెండు మూడు వారాలు చూసి, చాలామంది గురువులు దిద్దడం మానేస్తారు. కోప్పడరు. "బాగుంది, కానివ్వండి" అంటారు. ఆ రోజు నుంచి ఆ విద్యార్థి సంతోషంగా అనువాకం తర్వాత అనువాకం దాటేస్తాడు, తప్పులన్నీ భద్రంగా వెంట తీసుకుని. మిమ్మల్ని ఇంకా ఆపుతున్నారంటే మీ మీద ఆశ ఉందన్నమాట.

ఇంటి దగ్గర: దిద్దుబాటు నడుస్తున్నన్ని రోజులూ కారులో ఆ ఆడియో కట్టేయండి. రోజూ పూజలో నమకం మొత్తం పాత తీరులో చదివే అలవాటుంటే అదీ ఆపండి. ఆదివారం గంటసేపు సరిచేసుకున్నది వారంలో ఆరు రోజులు పాత తీరులో చదివితే ఎటు మొగ్గుతుందో మీరే లెక్కేసుకోండి. అప్పటివరకు 'నమః శివాయ' అనే పంచాక్షరితో సరిపెట్టుకున్నా శివుడికి లోటేమీ ఉండదు. ఆ వారం చెప్పిన వాక్యాలు మాత్రం రోజుకి పదిసార్లు చొప్పున, మొదటి అయిదూ పుస్తకం చూసి, తర్వాతి అయిదూ చూడకుండా చెప్పండి. ఒకసారి ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. వినేటప్పుడు ఒక రోజు హ్రస్వదీర్ఘాలే చూడండి, ఇంకో రోజు ఒత్తులే చూడండి. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు.

ఉచ్చారణ గురించి చెప్పే పాణినీయశిక్షలో అధమ పాఠకులు ఆరుగురని ఒక శ్లోకం ఉంది: పాటలా రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాసినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఆ చివరివాడిని గమనించండి. గురువు ముందు గొంతు తగ్గించి గొణగడాన్ని మనం అణకువ అనుకుంటాం. నిజానికి అది తప్పు వినపడకుండా దాచుకునే ఉపాయం. తప్పయినా సరే గట్టిగా చెప్పండి. వినిపిస్తేనే కదా ఆయన దిద్దేది.

మీకు ఇంకో పరీక్ష కూడా రావచ్చు. ఇలాంటి పాఠాల్లో ఉద్యోగస్తులతో పాటు పిల్లలూ ఉంటారు. "ఆ అబ్బాయి దగ్గర ఒకసారి వల్లె వేసుకోండి" అని పన్నెండేళ్ళవాడి ముందు కూర్చోబెడతారు. గురువు దగ్గర వంగే నడుము అక్కడ వంగదు. విద్యలో పావు వంతు గురువు నుంచి, పావు వంతు సొంత బుద్ధితో, పావు వంతు తోటి విద్యార్థుల నుంచి, చివరి పావు కాలక్రమేణా వస్తుందని పాత శ్లోకం ఒకటి ఉంది. పన్నెండేళ్ళవాడిది ఆ మూడో పావు. వాడినీ "ఇంకోసారి చెప్పు నాన్నా" అని అడగండి, వాడు ఆపితే ఆగండి.

"నాకేమీ తెలియదండీ" అనకండి

కొత్తగా చేరినవాళ్ళు "ఎంతవరకు వచ్చు?" అని అడిగితే "ఏమీ రాదు గురువుగారూ" అంటారు. మొదటి వాక్యం చెప్పగానే వచ్చని బయటపడుతుంది. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు వచ్చి బోధించమని అడిగితే సనత్కుమారుడు వేసిన మొదటి షరతే ఇది: నీకేం తెలుసో ముందు చెప్పు, ఆ పైది నేను చెబుతాను. నారదుడు మొహమాటపడలేదు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, ఇలా పెద్ద జాబితా చదివాడు. చదివి, "నేను మంత్రాలు తెలిసినవాడినే కానీ ఆత్మ తెలిసినవాడిని కాను" అన్నాడు. జాబితా మొత్తం ఉంది, లోటూ ఉంది. మీరు కూడా "నమకం తొమ్మిదో అనువాకం వరకు నోటికి వచ్చు, ఫోన్లో విని నేర్చుకున్నాను, స్వరం ఎవరూ చూడలేదు" అని ఒక్క ముక్కలో చెప్పేయండి. మూడు నెలలైనా ఇంకా చెప్పకపోయి ఉంటే వచ్చే వారం చెప్పండి. ఆయన పద్ధతే కొంచెం మార్చవచ్చు.

గీత పాఠంలో ప్రశ్న

ప్రశ్న అడగడం వినయానికి విరుద్ధం అనేది మన అపోహ. "తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా" అని గీత నాలుగో అధ్యాయం 34వ శ్లోకం. నమస్కారానికీ సేవకీ మధ్యన ప్రశ్నని కూర్చోబెట్టింది. పరిప్రశ్న అంటే ఎలాంటిదో శంకరులు భాష్యంలో చూపించారు: బంధం ఎలా కలిగింది, మోక్షం ఎలా, విద్య ఏది, అవిద్య ఏది. అంటే తనకి తేలాల్సినదాన్ని గురించి అడిగేది.

అడిగే తీరు నేర్చుకోవాలంటే అర్జునుణ్ణే చూడాలి. మూడో అధ్యాయం రెండో శ్లోకంలో "కలగాపులగం మాటలతో నా బుద్ధిని కలవరపెడుతున్నట్టున్నావు" అంటాడు. మూలంలో 'ఇవ' రెండుసార్లు వేశాడు, 'అన్నట్టు' అని. నువ్వు స్పష్టంగానే చెబుతుండవచ్చు, నాకు మాత్రం అలా తోస్తోంది అని. నాలుగో అధ్యాయంలో ఇంకా గట్టి ఆక్షేపణ: నువ్వు పుట్టింది ఇప్పుడు, సూర్యుడు ఎప్పటివాడో, ఆయనకి నువ్వు ఈ యోగం చెప్పావంటే "దీన్ని నేనెలా తెలుసుకోవాలి?" అన్నాడు. లెక్క తప్పిందని వేలెత్తి చూపిస్తూనే, అర్థం చేసుకునే బాధ్యత తన మీద వేసుకున్నాడు. ఆరో అధ్యాయంలో మనసు గాలిలాంటిది, పట్టడం నావల్ల అయ్యేలా లేదంటే, కృష్ణుడు కాదనలేదు. "సందేహం లేదు, నిజమే" అని ఒప్పుకుని అప్పుడు ఉపాయం చెప్పాడు.

ఆచరణలో: ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పాఠంలో తట్టిన ప్రశ్నని శ్లోకం సంఖ్యతో సహా రెండు పంక్తుల్లో రాయండి. ఆ రోజు అడగకండి. వారం ఉంచి మళ్ళీ చూసుకుంటే, కొన్నింటికి తర్వాతి శ్లోకంలోనే జవాబు వచ్చి ఉంటుంది. కొన్ని ప్రశ్నలే కావని మీకే తెలుస్తుంది. మిగిలినవాటిలో ఒక్కటి, పాఠం పూర్తయ్యాక, "ఇక్కడిదాకా నాకిలా అర్థమైంది, ఇక్కడ తెగింది" అనే వరసలో అడగండి. "యూట్యూబ్‌లో ఫలానావారు ఇలా చెప్పారు, మీరేమంటారు?" అని మాత్రం మొదలుపెట్టకండి. అది ఇద్దరు పెద్దల మధ్య పంచాయితీ పెట్టడం. ఇప్పుడు ప్రవచనాలు విననివాళ్ళు లేరు. ప్రవచనం వెయ్యిమందికి ఒకేసారి వడ్డించే భోజనం. పాఠం ఎవరి అరుగుదలకి తగ్గట్టు వాళ్ళకి పెట్టేది. ఒకదానితో ఇంకోదాన్ని కొలవకూడదు.

న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కశాస్త్రం, చర్చని మూడు రకాలుగా విడదీసింది. తత్త్వం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి కొట్టిపారేసేది వితండం. మీ ప్రశ్న ఏ కోవలోదో తెలుసుకునే గుర్తు ఒకటుంది. జవాబు వినగానే నోటుపుస్తకం మీదకి చెయ్యి వెళ్తే వాదం. జవాబు పూర్తికాకముందే తర్వాతి మాట నాలుక మీదకి వస్తే జల్పం.

"తర్వాత చూద్దాం" అన్నమాటకి మూడు అర్థాలు ఉండవచ్చు. అది రాబోయే అధ్యాయంలోని విషయం కావచ్చు. ఆ ప్రశ్న మీ ఒక్కరిదే, మిగతా ఇరవైమందికి పనికిరాదని కావచ్చు. లేదా ఆయనకి ఆ క్షణంలో తోచకపోయి ఉండవచ్చు, అదీ తప్పు కాదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు వస్తే పిప్పలాదుడు ఒక ఏడాది తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడే ఉండండి, తర్వాత ఇష్టమొచ్చినవి అడగండి, "మాకు తెలిస్తే అన్నీ చెబుతాం" అన్నాడు. ఆ "తెలిస్తే" అన్నమాట గురువు వైపు వినయం. నెల దాటినా జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. గుర్తుచేయడం మర్యాద తప్పడం కాదు.

పాఠంలో గురువుగారే పొరబడ్డారని అనిపిస్తే? పెద్దవయసు, నోరు జారవచ్చు. అందరి ముందూ అనకుండా, తర్వాత పుస్తకం చూపించి "ఇక్కడ మన పాఠం ఇలాగేనా అండీ, దీంట్లో వేరేగా ఉంది" అని అడగండి. సగంసార్లు అది పాఠభేదం అని తేలుతుంది. మిగతా సగంలో ఆయనే దిద్దుకుంటారు.

చిన్న మర్యాదలు

కొండాపూర్ నుంచి నల్లకుంటకి ఆదివారమైనా గంట చేతిలో పెట్టుకోండి. ఆలస్యమైతే పాఠం మధ్యలో ముందుకెళ్ళి సాష్టాంగం చేయకండి, వెనక కూర్చుని చివర్లో నమస్కారం పెట్టండి. రికార్డింగ్ అడిగి చేసుకోండి, వద్దంటే ఎందుకని అడగకండి. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో సందేహాలు పంపకండి. దక్షిణ నెలకి ఇంత అని లేకపోతే గురుపూర్ణిమకో, ఒక అనువాకం పూర్తయినప్పుడో తమలపాకులు, వక్క, పండ్లతో శక్తికొద్దీ నూటపదహార్లో, అయిదువందల పదహార్లో పెట్టండి. కవరు మీద మీ పేరు పెద్దగా రాయనక్కర్లేదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమ అనధ్యయనాలు, అంటే వేదం చదవకూడని రోజులు. వేదపాఠం ఆ రోజుల్లో ఉండకపోవచ్చు, "మళ్ళీ సెలవా" అనకండి. సుందరకాండలో సీతమ్మ ఎంత చిక్కిపోయిందో చెబుతూ, పాడ్యమినాడు చదివేవాడి విద్యలా అంటాడు హనుమ. సేవ అంటే కాళ్ళు పట్టడం అనుకోనక్కర్లేదు. చాపలు పరచడం, మంచినీళ్ళు పెట్టడం, ఆయన్ని ఇంటిదగ్గర దింపడం సరిపోతాయి.

హద్దు ఎక్కడ

ఇది రాయకపోతే పైదంతా ప్రమాదకరం. దిద్దుబాటుకి వంగమన్నాను కానీ బుద్ధిని తాకట్టు పెట్టమనలేదు. చదువు ముగించి పంపేటప్పుడు తైత్తిరీయోపనిషత్తులోని గురువు శిష్యుడితో "మాలో మంచి నడవడి ఏదుందో దాన్నే నువ్వు అనుసరించు, ఇతరమైనవి వద్దు" అంటాడు. గీత మొత్తం చెప్పాక కృష్ణుడు కూడా "బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అనే అన్నాడు. దారి తప్పిన గురువుని విడిచిపెట్టవచ్చని మహాభారతం ఉద్యోగపర్వంలో భీష్ముడు తన గురువు పరశురాముడితోనే అన్నాడు. అంటూనే, ఆయనతో యుద్ధానికి ముందు రథం దిగి, నడిచివెళ్ళి నమస్కరించాడు.

కాబట్టి ఇంట్లో చెప్పవద్దు అన్నా, మందులు మానేయమన్నా, అప్పుచేసి ఇమ్మన్నా, ఆస్తి కాగితాల మాట ఎత్తినా, ఆడపిల్లల్ని ఒంటరిగా రమ్మన్నా వినయం పేరు చెప్పి ఆగకండి, లేచి వచ్చేయండి. మీ ప్రశ్నలో అలాంటి ఛాయ ఏదీ లేదు. ఒక అనువాకం మీద మూడు నెలలు కూర్చోబెట్టడం మోసం చేసేవాడికి గిట్టుబాటయ్యే పని కాదు. గురువుని మార్చాలనిపిస్తే మార్చుకోండి, కానీ చెప్పి మానండి. ఒకే పాఠాన్ని ఒకే సమయంలో ఇద్దరి దగ్గర చెప్పుకోకండి, ఇద్దరి పాఠమూ చెడుతుంది.

ఈ ఆదివారానికి ఇంతవరకు చేయండి. పాఠానికి పది నిమిషాల ముందు వెళ్ళి, ఎక్కడిదాకా వచ్చో, ఎలా నేర్చుకున్నారో ఆయనకి చెప్పండి. సంతలో ఆయన చివరి అక్షరం తర్వాత ఒక ఊపిరి ఆగండి. 'మన్యవ' దగ్గర ఆపితే 'మన్యవ' రెండుసార్లు, మళ్ళీ 'నమస్తే' నుంచి. ఇలా ఆరు వారాలు చేసి, అప్పటికీ ఆయన అక్కడే ఆపుతుంటే ఏ అక్షరం దగ్గర ఆపుతున్నారో కింద రాయండి, చూద్దాం.